కోయాప్ (సెన్సర్ల లాంటి చిన్న పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) రిక్వెస్ట్‌లో మనం ఇచ్చిన అడ్రస్ ఎక్కడికి పోతుంది? హోస్ట్ ఒకసారి కనిపించి ఇంకోసారి ఎందుకు కనిపించదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలకు డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్లు పెట్టి, ఈఎస్‌పీ32 బోర్డు మీద కోయాప్ సర్వర్ నడుపుతున్నారు. ఫోన్ యాప్‌లో పూర్తి అడ్రస్ ఇస్తున్నారు కానీ వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్ ప్యాకెట్లు పట్టి చూపించే సాఫ్ట్‌వేర్) పట్టిన ప్యాకెట్లో ఆ అడ్రస్ ఎక్కడా లేదు. ఇంట్లో టెస్ట్ చేసినప్పుడు యూఆర్ఐ-హోస్ట్ అనే ఆప్షన్ (అడ్రస్‌లోని సర్వర్ పేరుని మోసే భాగం) రాలేదు, గుంటల దగ్గర వస్తోంది. అడ్రస్‌లో పోర్ట్ 6001 అని రాసినా యూఆర్ఐ-పోర్ట్ మాత్రం రెండు చోట్లా లేదు. ఇవి చాలవన్నట్టు, మీరు సొంతంగా రాసుకున్న క్లయింట్‌కి 4.04 (దొరకలేదు అనే జవాబు) వస్తోంది, అదే అడ్రస్ రెడీమేడ్ క్లయింట్‌లో పెడితే రీడింగ్ వస్తోంది. ఇది లైబ్రరీ బగ్గా, లేక నేను ప్రోటోకాల్‌ని అర్థం చేసుకోవడంలో తేడా ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే బగ్ ఏమీ లేదు. కోయాప్‌లో అడ్రస్ ఒకే స్ట్రింగ్‌గా వెళ్లదు. క్లయింట్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఐపీ ప్యాకెట్ తనంతట తాను చెబుతున్న ముక్కల్ని వదిలేసి, మిగిలినవాటిని మాత్రమే ఆప్షన్లుగా పంపుతుంది. హోస్ట్ దగ్గర పేరు రాస్తే ఆ పేరు వెళ్తుంది, ప్యాకెట్ వెళ్లే ఐపీనే రాస్తే వెళ్లదు. పోర్ట్ కూడా ప్యాకెట్ వెళ్లే పోర్ట్‌తో తేడా ఉంటేనే వెళ్తుంది. పాత్‌లో స్లాష్‌ల మధ్య ఉన్న ఒక్కో ముక్కకి ఒక్కో యూఆర్ఐ-పాత్ ఆప్షన్ ఉండాలి. మీ 4.04 ఈ చివరిదాని వల్లే అని నా అనుమానం.

ఇదంతా 2014 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7252లో (కోయాప్ నియమాల అసలు పత్రం) ఉంది. అడ్రస్‌ని ఎలా ముక్కలు చేయాలో 6.4వ సెక్షన్, సర్వర్ వైపు ఎలా తిరిగి కట్టుకోవాలో 6.5వ సెక్షన్ చెబుతాయి. రెండూ కలిపినా పెద్దగా లేవు, టీ తాగేలోపు చదివేయొచ్చు. మొత్తం ఆర్‌ఎఫ్‌సీ చదవకపోయినా ఈ రెండూ చదవండి.

ఒక మాట. ఇక్కడ అడ్రస్‌లను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ కోడ్‌లో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి బైట్ల లెక్క వాటి ప్రకారం చెబుతాను. 'పీ3' అంటే రెండు బైట్లు, 'డీఓ' అంటే రెండు బైట్లు.

ముందు, ఇలా ముక్కలు చేయడం ఎందుకు? హెచ్‌టీటీపీ 1.1లో పాత్ మొదటి లైన్లో, హోస్ట్ ఇంకో హెడర్ లైన్లో, అంతా మనిషి చదవగలిగే టెక్స్ట్‌గా వెళ్తుంది. జెమిని అని ఇంకో చిన్న ప్రోటోకాల్ ఉంది (గూగుల్ ఏఐ కాదు, 1965 పోర్ట్ మీద నడిచేది). దాంట్లో రిక్వెస్ట్ అంటే పూర్తి అడ్రస్, ఆ తర్వాత లైన్ ముగింపు, అంతే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కోయాప్‌ని బ్యాటరీ మీద నడిచే సెన్సర్ల కోసం చేశారు. వాటిలో చాలావాటికి రేడియో 802.15.4 అనే తక్కువ కరెంటు రకం. దాని ఫ్రేమ్ గరిష్ఠంగా 127 బైట్లు, అందులోనే ఐపీ, యూడీపీ, సెక్యూరిటీ అన్నీ సర్దుకోవాలి.

'కోయాప్://192.168.1.20/పీ3/డీఓ' అనే అడ్రస్‌ని లెక్కేద్దాం. హెడర్ 4 బైట్లు. టోకెన్ (ఏ జవాబు ఏ రిక్వెస్ట్‌దో జత చేసే గుర్తు) 0 నుంచి 8 బైట్ల వరకు ఉండొచ్చు, 2 అనుకుందాం. 'పీ3' ముక్కకి ఆప్షన్ నంబర్, పొడవు రెండూ ఒకే బైట్లో ఇరుకుతాయి, అక్షరాలకి ఇంకో 2 బైట్లు. 'డీఓ'కి కూడా అంతే. మొత్తం 12 బైట్లు. ఐపీ బదులు 17 అక్షరాల హోస్ట్ పేరు వాడారనుకోండి, ఆ ఒక్క ఆప్షన్‌కే 19 బైట్లు అదనం. అంటే రిక్వెస్ట్ ఒక్కసారిగా 31 బైట్లకి పోతుంది. మీది వైఫై కాబట్టి ఇది పెద్ద విషయం కాదు, కానీ ప్రోటోకాల్ తయారైంది ఈ పిసినారి లెక్కతోనే. అది తెలిస్తే మిగతా నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

హోస్ట్ సంగతి. నియమం ఇది: అడ్రస్‌లోని హోస్ట్ అచ్చంగా ఈ ప్యాకెట్ వెళ్తున్న ఐపీయే అయితే యూఆర్ఐ-హోస్ట్ అక్కర్లేదు. లేకపోతే పెట్టాలి. మీరు ఇంట్లో 192.168తో మొదలయ్యే ఐపీ ఇచ్చారు. ప్యాకెట్ కూడా దానికే వెళ్లింది కాబట్టి మళ్లీ చెప్పే పని లేదు. గుంటల దగ్గర డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (ఐపీ మారినా మారని పేరు) వాడానన్నారు. ఫోన్ ఆ పేరుని డీఎన్‌ఎస్‌లో అడిగి ఐపీగా మార్చుకుంది, ప్యాకెట్ మీద ఐపీ మాత్రమే మిగిలింది. మీరు రాసిన పేరు అక్కడే పోయినట్టు. అది సర్వర్‌కి తెలియాలంటే యూఆర్ఐ-హోస్ట్‌లో మోసుకెళ్లడం తప్ప దారి లేదు.

మేత లోడు లారీ గుంటల దగ్గరికి వచ్చాక డ్రైవర్‌కి ఊరి పేరు చెప్పక్కర్లేదు, ఏ గట్టు మీద దించాలో చెబితే చాలు. అక్కడ ఇద్దరు రైతుల గుంటలు పక్కపక్కనే ఉంటే మాత్రం ఎవరి లోడో పేరు కావాలి. యూఆర్ఐ-హోస్ట్ పనికొచ్చేది ఆ రెండో సందర్భంలోనే, అంటే ఒకే ఐపీ మీద వేర్వేరు పేర్లతో రెండు మూడు సర్వర్లు నడుస్తున్నప్పుడు. మీ దగ్గర ఒక బోర్డుకి ఒక సర్వరే కాబట్టి ఆ ఆప్షన్ వచ్చినా రాకపోయినా రీడింగ్ మారదు.

కొన్ని క్లయింట్లు ఐపీ ఇచ్చినా యూఆర్ఐ-హోస్ట్ పంపేస్తాయి. డిఫాల్ట్ విలువే అయినప్పుడు ఆ ఆప్షన్ పెట్టకపోవడమే మంచిదని ఆర్‌ఎఫ్‌సీ చెబుతుంది కానీ నిషేధించలేదు. మీ సర్వర్ రెండింటినీ తట్టుకోవాలి.

పోర్ట్ దగ్గర దాదాపు అందరూ పొరబడతారు. 5683 డిఫాల్ట్ కాబట్టి, వేరే పోర్ట్ ఇస్తే యూఆర్ఐ-పోర్ట్ వస్తుందని అనుకుంటారు. పోల్చాల్సింది 5683తో కాదు, ప్యాకెట్ నిజంగా వెళ్తున్న యూడీపీ పోర్ట్‌తో. అడ్రస్‌లో 6001 ఉంది, ప్యాకెట్ 6001కే వెళ్తోంది. రెండూ ఒకటే కాబట్టి యూఆర్ఐ-పోర్ట్ రాదు. మామూలు రిక్వెస్ట్‌లో అది కనిపించడం చాలా అరుదు. మధ్యలో ప్రాక్సీ (మన తరఫున వేరే సర్వర్‌ని అడిగిపెట్టేది) ఉన్నప్పుడు కనిపిస్తుంది, దాని గురించి కింద రాస్తాను.

మీ కేసులో ఇంకో మెలిక ఉంది. మీరు ప్యాకెట్ పట్టింది గుంటల వైపు, అంటే రౌటర్ దాటాక. అప్పటికే రౌటర్ 6001ని 5683గా మార్చేసి, ఐపీని కూడా లోపలి ఐపీగా మార్చి పంపింది. యూఆర్ఐ-పోర్ట్ లేదు కాబట్టి సర్వర్ తనకి వచ్చిన పోర్టే అసలు పోర్ట్ అనుకుంటుంది. యూఆర్ఐ-హోస్ట్ లేకపోతే హోస్ట్ కూడా అంతే, 192.168 అనుకుంటుంది. అంటే ఒకే రిసోర్స్‌కి (సర్వర్ అందించే ఒక్కో రీడింగ్ లాంటిదానికి) ఫోన్ దృష్టిలో ఒక అడ్రస్, బోర్డు దృష్టిలో ఇంకో అడ్రస్. రీడింగ్ తెచ్చుకోవడానికి ఇది అడ్డం కాదు. సర్వర్ తన అడ్రస్‌ని తానే పూర్తిగా రాసి బయటికి పంపినప్పుడే తంటా మొదలవుతుంది.

నేను ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఇలాంటి సెన్సర్ల పని చేస్తుంటాను. ఒక చోట ఇంతకుముందు ఎవరో పెట్టిన బోర్డు తన రిసోర్స్‌ల లిస్టులో ప్రతి లింకునీ 192.168తో పూర్తి అడ్రస్‌గా ఇచ్చేది. రైతు గట్టు మీద వైఫైలో ఉంటే అన్నీ తెరుచుకునేవి. నెల్లూరు వెళ్లి మొబైల్ డేటాలో చూస్తే లిస్టు వచ్చేది కానీ ఏ లింకూ పనిచేసేది కాదు. ఆయనేమో సిగ్నల్ సమస్య అనుకుని సిమ్ కూడా మార్చారు. లింకుల్లో హోస్ట్ తీసేసి '/పీ3/డీఓ' అని పాత్ మాత్రమే ఉంచితే సరిపోయింది. బోర్డు ఇచ్చే లింకుల్లో హోస్ట్, పోర్ట్ ఎప్పుడూ రాయకండి. తన బయటి అడ్రస్ ఏమిటో బోర్డుకి తెలిసే దారి లేదు.

ఇక మీ 4.04. పాత్ '/పీ3/డీఓ' అంటే రెండు యూఆర్ఐ-పాత్ ఆప్షన్లు: మొదటిది 'పీ3', రెండోది 'డీఓ'. స్లాష్ అసలు ప్యాకెట్లోకే రాదు. మీరు పెట్టిన కోడ్ ముక్కలో 'పీ3/డీఓ' అని మొత్తం ఒకే ఆప్షన్‌లో పెట్టినట్టుంది. కోయాప్ లెక్కలో అది రెండు మెట్ల పాత్ కాదు, పేరు మధ్యలో స్లాష్ గుర్తు ఉన్న ఒకే ముక్క. అడ్రస్‌గా తిరిగి రాస్తే 'పీ3%2ఎఫ్‌డీఓ' అవుతుంది. అలాంటి పేరున్న రిసోర్స్ మీ బోర్డులో లేదు, అందుకే దొరకలేదని 4.04 ఇచ్చింది. బోర్డు సరిగ్గానే ప్రవర్తించింది.

చూసి నిర్ధారించుకోవడం తేలిక. హోస్ట్ ఆప్షన్ రాకుండా ఐపీతోనే టెస్ట్ చేయండి. 4 బైట్ల హెడర్, టోకెన్ దాటాక వచ్చే మొదటి బైట్ చూడండి. ఆ బైట్లో పై నాలుగు బిట్లు ఆప్షన్ నంబర్‌కి (ముందున్న ఆప్షన్ నంబర్‌తో తేడా), కింది నాలుగు బిట్లు పొడవుకి. యూఆర్ఐ-పాత్ నంబర్ 11, 'పీ3' పొడవు 2. 11ని 16తో గుణించి 2 కలిపితే 178. అక్కడ 178 ఉంటే పాత్ సరిగ్గా విడిపోయినట్టే. 181 ఉంటే పొడవు 5, అంటే స్లాష్‌తో సహా ఐదక్షరాలూ ఒకే ఆప్షన్‌లో పడ్డాయి. సరిగ్గా ఉన్న ప్యాకెట్లో రెండో ముక్క ముందు బైట్ విలువ 2 ఉంటుంది. నంబర్ మారలేదు కాబట్టి తేడా సున్నా, పొడవు 2.

బైట్లే ఎందుకు చూడమంటున్నానంటే, వైర్‌షార్క్ ముక్కలన్నీ కలిపి పాత్‌ని ఒక లైన్లో చూపిస్తుంది. ఆ లైన్ అది కట్టి చూపించేది, ప్యాకెట్లో ఉన్నది కాదు. స్లాష్ ముక్క లోపల ఉన్నా, రెండు ముక్కల మధ్య ఉన్నా ఆ లైన్లో ఒకేలా కనిపిస్తుంది. దాన్ని చూసి "రెండు క్లయింట్లూ ఒకటే పంపుతున్నాయి కదా" అని జుట్టు పీక్కునేవాళ్లు చాలామంది. కింద ఒక్కో ఆప్షన్‌ని విడివిడిగా తెరిచి చూడండి.

ఇక్కడే ఇంకో గందరగోళం. కొన్ని చిన్న సర్వర్ లైబ్రరీలు వచ్చిన ముక్కలన్నిటినీ స్లాష్‌తో అతికించి ఒక స్ట్రింగ్ చేసుకుని పోలుస్తాయి. వాటి దగ్గర మీ క్లయింట్ కూడా పనిచేసేస్తుంది! అప్పుడు బల్ల మీద బాగా నడిచి, బోర్డు మార్చిన రోజున ఆగిపోతుంది. అతికించడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. యూఆర్ఐ-పాత్ విలువ ఒట్టి చుక్క గానీ, రెండు చుక్కలు గానీ కాకూడదని నియమం. కానీ చుక్కలూ స్లాష్‌లూ కలిసిన పొడవాటి పేరు ఒకే ముక్కగా వస్తే ఆ నియమం ఆపదు. గేట్‌వే (సెన్సర్లకీ బయటి నెట్‌వర్క్‌కీ మధ్య ఉండే పరికరం) మీద ఫైళ్లు అందించే సర్వర్ అలాంటి ముక్కని అతికించి నేరుగా ఫైల్ తెరవబోతే, ఎవడో ఒకడు పై ఫోల్డర్లలోకి పాకిపోతాడు. ముక్కల్ని ముక్కలుగానే పోల్చండి, అతికించి మళ్లీ విడగొట్టకండి.

చివరి స్లాష్ కూడా ఊరికే ఉండదు. '/పీ3' అంటే ఒక ముక్క. '/పీ3/' అంటే రెండు, రెండోది ఖాళీ ముక్క, పొడవు సున్నా. రెండూ వేర్వేరు రిసోర్స్‌లు. ఒట్టి '/' మాత్రం మినహాయింపు. పాత్ ఖాళీగా ఉన్నా, ఒక్క స్లాషే ఉన్నా ఏ ఆప్షనూ వెళ్లదు.

అక్షరాల సంగతికొస్తే, హోస్ట్ పేరుని క్లయింట్ చిన్న అక్షరాల్లోకి మార్చి పంపాలి. పాత్‌కి ఆ సౌకర్యం లేదు. బైట్‌కి బైట్ సరిపోవాలి. ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దది చేసేస్తుంది, రైతు యాప్‌లో గుంట పేరు టైప్ చేస్తే 4.04. ఇది నాకు సెన్సర్ పాడైన కేసులకంటే ఎక్కువసార్లు ఎదురైంది. యాప్‌లో పేరు టైప్ చేయించకండి, లిస్టులోంచి ఎంచుకోనివ్వండి.

రిసోర్స్‌కి తెలుగు పేరు పెట్టొచ్చా అని కూడా చివర్లో అడిగారు. పెట్టొచ్చు, అడ్డేమీ లేదు. అడ్రస్‌లో శాతం గుర్తులతో రాసినా ప్యాకెట్లోకి వెళ్లేటప్పుడు వాటిని విప్పి నేరుగా యూటీఎఫ్-8 బైట్లే పంపుతారు. 'చెరువు'లో ఆరు కోడ్‌లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. శాతం గుర్తులతో అదే 54 అయ్యేది. కాబట్టి భరించలేనంత బరువేం కాదు. చికాకు ఎక్కడంటే ఐత్వం దగ్గర. యూనికోడ్‌లో 'ై'ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. తెరమీద తేడా తెలీదు. 'నైట్రైట్' అన్న పేరు ఒక పద్ధతిలో 24 బైట్లు, ఇంకో పద్ధతిలో 30. కోయాప్ సర్వర్ వాటిని సరిచేయదు, చేయాల్సిన పని కూడా లేదు, బైట్లు పోల్చి లేదనేస్తుంది. పేరు బయటి నుంచి లోపలికి వచ్చే చోటే, అంటే మీ యాప్‌లోనే, కలిపిన రూపంలోకి మార్చుకోవాలి. నన్నడిగితే పాత్‌లో 'పీ3' ఉంచి, 'మూడో గుంట' అన్న తెలుగు పేరు యాప్‌లో చూపించడం హాయి.

క్వెరీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే ఒక్కో భాగం ఒక్కో యూఆర్ఐ-క్వెరీ ఆప్షన్, నంబర్ 15. ప్రశ్న గుర్తు, యాండ్ గుర్తు ప్యాకెట్లోకి రావు. హ్యాష్ గుర్తు తర్వాతి భాగం అసలు వెళ్లదు. దాన్ని రిక్వెస్ట్ అడ్రస్‌లో పెట్టడమే తప్పు.

నంబర్లు గమనించారా? హోస్ట్ 3, పోర్ట్ 7, పాత్ 11, క్వెరీ 15. అన్నీ బేసి సంఖ్యలే. కోయాప్‌లో బేసి నంబర్ ఆప్షన్ అంటే 'అర్థం కాకపోతే వదిలేయడానికి వీల్లేదు' అని. సర్వర్‌కి అలాంటి ఆప్షన్ తెలియకపోతే, అందినట్టు రసీదు కావాలన్న రిక్వెస్ట్‌కి 4.02 (ఆ ఆప్షన్ అర్థం కాలేదు అనే జవాబు) ఇవ్వాలి. రసీదు అక్కర్లేని రకం రిక్వెస్ట్ అయితే మెసేజ్‌ని తిరస్కరించాలి, నిశ్శబ్దంగా పడేసినా సరే. అందుకే ఒక్కోసారి ఇలా జరుగుతుంది: ఎవరో సరదాగా రాసిన చిన్న సర్వర్‌కి పాత్ ఒక్కటే తెలుసు, యూఆర్ఐ-హోస్ట్ తెలీదు. ఐపీతో అడిగితే పనిచేస్తుంది, పేరుతో అడిగితే 4.02. మీకు ఆ కోడ్ ఎప్పుడైనా కనిపిస్తే డీఎన్‌ఎస్‌ని తిట్టకుండా ముందు ఇది చూడండి.

గేట్‌వే పెట్టే ఆలోచన ఉందన్నారు. పూర్తి అడ్రస్ ఒకే స్ట్రింగ్‌గా వెళ్లే చోటు కోయాప్‌లో ఒకటుంది, అది ప్రాక్సీ-యూఆర్ఐ ఆప్షన్, నంబర్ 35, గరిష్ఠంగా 1034 బైట్లు. ఫోన్ ప్యాకెట్‌ని గేట్‌వేకి పంపుతుంది, లోపల "నాకు కావాల్సింది ఈ అడ్రస్" అని మొత్తం రాస్తుంది. గేట్‌వే దాన్ని ముక్కలు చేసి సెన్సర్‌కి మామూలు రిక్వెస్ట్ పంపుతుంది. ప్రాక్సీ-యూఆర్ఐ ఉన్న రిక్వెస్ట్‌లో యూఆర్ఐ-హోస్ట్, పోర్ట్, పాత్, క్వెరీ ఏవీ ఉండకూడదు. ఇంకో పద్ధతి, ప్రాక్సీ-స్కీమ్ అనే ఆప్షన్ పెట్టి మిగతా అడ్రస్‌ని మామూలు ముక్కలుగానే పంపడం. అప్పుడు ప్యాకెట్ గేట్‌వేకి వెళ్తోంది, అడ్రస్ సెన్సర్‌ది, కాబట్టి రెండు పోర్ట్‌లూ వేరైతే యూఆర్ఐ-పోర్ట్ తప్పక రావాలి. పైన అరుదు అన్నది ఇదే. ప్రాక్సీగా పనిచేయని బోర్డుకి ఇలాంటి రిక్వెస్ట్ వెళ్తే 5.05 (ప్రాక్సీ పని చేయలేను అనే జవాబు) వస్తుంది.

మీకు ఇవేవీ అక్కర్లేదని నా అభిప్రాయం. గేట్‌వేని మామూలు సర్వర్‌లాగే కనిపించనివ్వండి. పాత్‌లో మొదటి ముక్క గుంట పేరు, గేట్‌వే దాన్ని చూసి లోపల ఏ సెన్సర్‌ని అడగాలో తానే చూసుకుంటుంది. ఫోన్‌కి లోపలి అడ్రస్‌లు తెలియాల్సిన పనే లేదు. సెన్సర్ మారినా, దాని ఐపీ మారినా యాప్ ముట్టుకోనక్కర్లేదు.

గేట్‌వే పెట్టాక ఒక్కటి జాగ్రత్త. జవాబులో అడ్రస్ ఉండదు. "ఇది మూడో గుంట డీఓ" అని జవాబు ప్యాకెట్ ఎక్కడా చెప్పదు. టోకెన్ సరిపోయిందా, మనం అడిగిన ఐపీ, పోర్ట్ నుంచే వచ్చిందా, ఈ రెండే క్లయింట్‌కి ఆధారం. ఒక్కో సెన్సర్‌కి ఒక్కో ఐపీ ఉన్నప్పుడు టోకెన్ విషయంలో అశ్రద్ధగా ఉన్నా బండి నడిచిపోతుంది. అన్నీ ఒకే గేట్‌వే ఐపీ వెనక్కి వెళ్లాక నడవదు. అల్లూరు వైపు ఒక చోట అన్ని రిక్వెస్ట్‌లకీ ఒకే టోకెన్ వాడే యాప్ చూశాను. మామూలు వేళల్లో జవాబులు అడిగిన వరుసలోనే వచ్చేవి కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెల్లవారుజామున, డీఓ బాగా పడిపోయే వేళకి, ఒక సెన్సర్ జవాబు ఆలస్యమై నాలుగో గుంట రీడింగ్ మూడో గుంట కింద కనిపించింది. మూడో దాంట్లో ఏరేటర్లు (నీళ్లకి గాలి అందించే యంత్రాలు) అన్నీ వేశారు, అసలు ఊపిరాడనిది నాలుగో గుంటకి. కాపలా మనిషి రొయ్యలు పైకి తేలడం చూసి పరుగెత్తాడు కాబట్టి సరిపోయింది. మీ సొంత క్లయింట్‌లో టోకెన్ ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్తగా పుడుతోందో లేదో ఇవాళే చూడండి.

ఇద్దరు ముగ్గురు రైతుల డేటా ఒకే సర్వర్‌లో పెట్టి, యూఆర్ఐ-హోస్ట్‌లో వచ్చిన పేరుని బట్టి ఎవరిది వాళ్లకి చూపిస్తానని రాశారు. వద్దు. ఆ పేరు పంపేవాడు రాసుకున్నది, ఎవరైనా ఏదైనా రాయొచ్చు. డేటా వేరు చేసి వెతకడానికి పనికొస్తుంది గానీ, ఎవరికి అనుమతి ఉందో తేల్చడానికి పనికిరాదు. దానికి డీటీఎల్‌ఎస్ (యూడీపీ మీద ఎన్‌క్రిప్షన్, గుర్తింపు తనిఖీ ఇచ్చేది) వాడండి, పోర్ట్ 5684. మధ్యలో గేట్‌వేని కూడా నమ్మకుండా ఉండాలంటే ఓస్కోర్ (కోయాప్ మెసేజ్‌నే ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 8613. అందులో పాత్, క్వెరీ ఎన్‌క్రిప్ట్ అయి లోపలికి పోతాయి, హోస్ట్, పోర్ట్ మాత్రం దారి చూపించాలి కాబట్టి బయటే ఉంటాయి. అది పెట్టాక వైర్‌షార్క్‌లో పాత్ కనిపించట్లేదని మళ్లీ కంగారు పడకండి.

మీరు పెట్టిన కోడ్‌లో ఇంకొకటి చూశాను, అడగలేదు గానీ చెప్పాలి. '/పీ3/ఏరేటర్' అనే రిసోర్స్ 'పుట్' రిక్వెస్ట్ (విలువ మార్చమనే రకం) తీసుకుంటోంది, అది కూడా అదే 6001 మీద, ఏ సెక్యూరిటీ లేకుండా బయటికి తెరిచి ఉంది. పాత్ ఎవరికీ తెలీదు కదా అనుకోకండి. '/.వెల్-నోన్/కోర్' అని ఎవరైనా అడిగితే బోర్డే తన రిసోర్స్‌లన్నీ చదివి వినిపిస్తుంది. డీఓ రీడింగ్ ఎవడో చూస్తే నష్టం లేదు, అర్ధరాత్రి ఏరేటర్ ఆపితే మాత్రం పంట పోతుంది. 4.04 తర్వాత సరిచేసుకోవచ్చు. ముందు రౌటర్‌లో ఆ పోర్ట్ ఫార్వర్డ్ తీసేయండి, డీటీఎల్‌ఎస్ పెట్టాకే మళ్లీ తెరవండి. పాత్ విడగొట్టిన తర్వాత కూడా 4.04 వస్తుంటే మొదటి 20 బైట్లు హెక్స్‌లో ఇక్కడ పెట్టండి, చూద్దాం.